టెక్సస్ బడులు: భూమి, గీత, పన్ను

అందరికీ నమస్కారం.

మన డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇల్లు వెతికినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఊరు ఒకటే. అదే ఊళ్లో కొన్ని వీధుల పిల్లలు ఇర్వింగ్ ఐఎస్‌డి బడికి వెళ్తారు, కొన్ని వీధుల వాళ్లు కొప్పెల్ ఐఎస్‌డికి, మరికొందరు క్యారల్‌టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డికి. ఫ్రిస్కో ఐఎస్‌డి బడులు కొన్ని ప్లేనో ఊరి హద్దుల్లో ఉన్నాయి. రోడ్డుకు అటు ఇల్లు కొంటే ఒక బడి, ఇటు కొంటే ఇంకో బడి. ధరలో తేడా ఎంతుంటుందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ గీతలు ఊళ్ల గీతలు కావు, కౌంటీల గీతలూ కావు. ఐఎస్‌డి అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, తన హద్దుల్లోని ప్రభుత్వ బడులను నడిపే స్వతంత్ర సంస్థ. మేయరుకు దానిమీద అధికారం లేదు, సిటీ కౌన్సిల్‌కూ లేదు. జనం ఎన్నుకున్న ట్రస్టీలు, సాధారణంగా ఏడుగురు, సూపరింటెండెంట్‌ను నియమిస్తారు, పన్ను రేటు నిర్ణయిస్తారు, ఓటర్లు ఒప్పుకుంటే బాండ్లు జారీచేసి అప్పు తెస్తారు. ఇలాంటి డిస్ట్రిక్టులు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఊరే బడి నడిపేది ఒక్కటే మిగిలింది, హ్యూస్టన్ పక్కనున్న స్టాఫర్డ్. మొత్తం మీద 55 లక్షల దాకా పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదువుతున్నారు.

ఈ గీతలు ఎలా వచ్చాయి, వాటి లోపల డబ్బు ఎలా తిరుగుతుంది, అన్నదే ఈరోజు విషయం. టెక్సస్ చదువుల చరిత్ర మొదటినుంచీ భూమి లెక్కే. ఎవరి భూమి ఎంత పలుకుతుందో దాన్ని బట్టే ఎవరి పిల్లకు ఎంత చదువు అన్నది తేలింది. ఆ లెక్క సరిచేయడానికి కోర్టులు, శాసనసభ చేసిన ప్రయత్నాలే మిగతా కథ.

1836లో మెక్సికో నుంచి విడిపోతూ టెక్సస్ వాళ్లు రాసుకున్న స్వాతంత్ర్య ప్రకటనలో ఒక ఫిర్యాదు ఉంది. అంతులేని ప్రభుత్వ భూములు చేతిలో ఉంచుకుని కూడా మెక్సికో ప్రభుత్వం బడులు పెట్టలేదు, అని. కాబట్టి వాళ్ల వంతు వచ్చినప్పుడు భూమే ఇచ్చారు. ఇవ్వడానికి అదొక్కటే ఉంది మరి, ఖజానాలో పైసా లేదు. రెండో అధ్యక్షుడు మిరాబో లమార్ హయాంలో, 1839లో, ప్రతి కౌంటీ బడులకు మూడు లీగుల భూమి, రెండు విశ్వవిద్యాలయాలకు కలిపి యాభై లీగులు కేటాయించారు. మరుసటి ఏడు కౌంటీ వాటా నాలుగు లీగులైంది. లీగు అంటే దాదాపు 4,428 ఎకరాలు, అంటే కౌంటీకి సుమారు 17,700 ఎకరాలు. వినడానికి బాగుంది. చిక్కు ఎక్కడంటే, ఆరోజుల్లో భూమికి కరువే లేదు. ఎవరికి కావాలన్నా కారుచౌకగా దొరికేది. కొనేవాడు లేని భూమితో బడి కట్టలేరు, టీచరుకు జీతం ఇవ్వలేరు. కాగితం మీద లక్షల ఎకరాలు, ఊళ్లో బడి సున్నా.

1845లో అమెరికాలో చేరినప్పుడు టెక్సస్ చేసుకున్న ఒప్పందం మరే పడమటి రాష్ట్రానికీ దక్కనిది. మిగతా చోట్ల ప్రభుత్వ భూములు వాషింగ్టన్ చేతికి వెళ్లాయి. టెక్సస్ తన భూములు, తన అప్పులు రెండూ తన దగ్గరే ఉంచుకుంది. 1850లో ఇప్పటి న్యూ మెక్సికో వైపు భూములమీద హక్కు వదులుకున్నందుకు కేంద్రం కోటి డాలర్ల బాండ్లు ఇచ్చింది. ఆ సొమ్ములోంచి 20 లక్షల డాలర్లు తీసి 1854లో బడుల కోసం ఒక నిధి పెట్టారు. ఈనాటి పర్మనెంట్ స్కూల్ ఫండ్‌కు మొదలు అదే. అసలు ముట్టుకోకూడదు, రాబడి మాత్రమే బడులకు వాడాలి అన్నది పద్ధతి. ఆ నిధిని రైలు కంపెనీలకు అప్పులిచ్చారు, తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, యుద్ధం ముగిసేసరికి నిధి చాలావరకు కరిగిపోయింది. ముట్టుకోకూడని నిధిని ముట్టుకోవడం అంత తేలిక, అప్పుడూ ఇప్పుడూ.

యుద్ధం తర్వాత, 1871లో, పునర్నిర్మాణ ప్రభుత్వం ఒక్కసారిగా అన్నీ మార్చింది. రాష్ట్ర స్థాయిలో సూపరింటెండెంట్, నిర్బంధ హాజరు, బడి పన్ను, నల్లజాతి పిల్లలకు కూడా బడి. సూపరింటెండెంట్ పేరు జేకబ్ డిగ్రెస్, ఉత్తరాది సైన్యం అధికారి. పన్ను కట్టాల్సిన తెల్లవాళ్లకు ఆ పన్ను నచ్చలేదు, ఆ అధికారి అంతకన్నా నచ్చలేదు. అధికారం చేతికి రాగానే వాళ్లు 1876లో రాసుకున్న రాజ్యాంగం ఆ కోపంతో రాసిందే. ఇప్పటికీ అమల్లో ఉన్నది అదే రాజ్యాంగం, సవరణలతో. దానిలో ఏడో అధికరణం చదువు గురించి. ప్రజలందరిలో జ్ఞానం వ్యాపించడం వాళ్ల స్వేచ్ఛకు అవసరం కనుక సమర్థమైన ఉచిత ప్రభుత్వ బడుల వ్యవస్థను నెలకొల్పడం శాసనసభ బాధ్యత అంటుంది మొదటి సెక్షన్. ‘సమర్థమైన’ అన్న ఆ మాటను గుర్తుంచుకోండి, 113 ఏళ్ల తర్వాత అది కోర్టులో తేలింది. అదే అధికరణంలో ఏడో సెక్షన్ తెల్ల పిల్లలకు, నల్ల పిల్లలకు వేరువేరు బడులు ఉండాలంది.

ఆ రాజ్యాంగం కింద వచ్చిన బడి చాలా విచిత్రమైనది. దాన్ని కమ్యూనిటీ స్కూల్ అనేవారు. దానికి హద్దులే లేవు. ఏటా కొందరు తల్లిదండ్రులు కలిసి, 8 నుంచి 14 ఏళ్ల లోపు తమ పిల్లల పేర్లు ఒక జాబితా రాసి, కౌంటీ జడ్జికి అర్జీ పెట్టుకోవాలి. ఆయన తలకింత అని డబ్బు కేటాయిస్తాడు. వచ్చే ఏడు మళ్లీ కొత్త అర్జీ. జాబితాలోంచి నాలుగు కుటుంబాలు జారిపోతే బడి లేదు. స్థిరమైన కట్టడం లేదు, స్థిరమైన టీచరు లేడు, స్థానికంగా పన్ను వేసే అధికారం లేదు. ఇలా కుదరదని అర్థమై, 1883లో రాజ్యాంగం సవరించి డిస్ట్రిక్టులకు పన్ను వేసుకునే వీలు ఇచ్చారు, 1884 చట్టంతో కౌంటీలను స్కూల్ డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. ఇందాక చెప్పిన గీతలు మొదలైంది అక్కడ. గీత లేకపోతే పన్ను వేయలేరు. పన్ను లేకపోతే బడి నిలవదు. కానీ గీత గీసిన మరుక్షణం గీతకు ఇటు ఏముంది, అటు ఏముంది అన్న ప్రశ్న కూడా పుట్టింది.

విశ్వవిద్యాలయాల దగ్గరా భూమే. కాలేజీలకు ప్రభుత్వ భూములిచ్చిన 1862 నాటి మోరిల్ చట్టం కింద టెక్సస్‌కు 1,80,000 ఎకరాల హక్కుపత్రాలు వచ్చాయి. ఎకరం 87 సెంట్ల చొప్పున అమ్మేశారు. ఆ సొమ్ము పునాదిగా 1876 అక్టోబర్ 4న బ్రాయన్ ఊరి దగ్గర టెక్సస్ ఎ అండ్ ఎం తెరుచుకుంది. అదే ఏడు నల్లజాతి యువకుల కోసం ఇంకో కాలేజీకి చట్టం చేశారు. ఆల్టా విస్టా అనే పాత తోటలో, ఒకప్పుడు బానిసలు పనిచేసిన భూమిలో, 1878లో ఎనిమిది మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పటి ప్రెయిరీ వ్యూ అదే. టీచర్ల శిక్షణకు హంట్స్‌విల్‌లో సామ్ హ్యూస్టన్ నార్మల్ 1879లో వచ్చింది. ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ (యూటీ) 1883 సెప్టెంబర్‌లో తరగతులు మొదలుపెట్టింది.

యూనివర్సిటీకి ఇచ్చిన భూమి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. 1876 రాజ్యాంగం అంతకుముందు మాట ఇచ్చిన మంచి భూముల బదులు పడమటి టెక్సస్‌లో పది లక్షల ఎకరాలు ఇచ్చింది. 1883లో ఇంకో పది లక్షలు. నీళ్లుండవు, చెట్టుండదు. ఎకరానికి కొద్ది సెంట్ల చొప్పున పశువుల మేతకు కౌలుకివ్వడం తప్ప ఏమీ చేయలేని నేల. ఆ రోజుల్లో దాన్ని వరం అన్నవాళ్లు లేరు. 1921 జనవరిలో రేగన్ కౌంటీలో శాంటా రీటా నంబర్ 1 అనే బావి తవ్వడం మొదలుపెట్టారు, అనుమతి గడువు ఆ రాత్రితో ముగియబోతుండగా. మూడువేల అడుగుల పైచిలుకు తవ్వాక 1923 మే 28న చమురు పైకి చిమ్మింది. శాంటా రీటా అంటే అసాధ్యమైన పనులకు మొక్కుకునే సెయింటు. ఆ బావి పరికరం ఇప్పుడు ఆస్టిన్ క్యాంపస్ అంచున నిలబెట్టి ఉంది, వెళ్లినప్పుడు చూడండి. 1931లో ఆ రాబడిని మూడు వాటాలు చేసి రెండు యూటీకి, ఒకటి ఎ అండ్ ఎంకు పంచారు. ఇప్పటికీ అంతే. హ్యూస్టన్ యూనివర్సిటీ, టెక్సస్ టెక్, డెంటన్‌లోని నార్త్ టెక్సస్ లాంటివాటికి ఆ చమురు డబ్బు చేరే పర్మనెంట్ యూనివర్సిటీ ఫండ్‌లో చోటు లేదు. 2023లో ఓటర్లు ఒప్పుకున్నాక వాళ్లకోసం టెక్సస్ యూనివర్సిటీ ఫండ్ అని వేరే నిధి పెట్టారు. మీ పిల్లల కాలేజీల జాబితాలో ఒకదానికి ల్యాబులు, భవనాలు ధారాళంగా ఎందుకున్నాయి, ఇంకోదానికి ఎందుకు లేవు అనిపిస్తే, సగం జవాబు 1923లో ఉంది.

చమురు బడులకూ వచ్చింది. తూర్పు టెక్సస్‌లో న్యూ లండన్ అనే చోట 1930ల నాటికి చమురు బావుల మీద పన్నుతో బడి డబ్బున్న బడి అయింది, ఉక్కు చట్రంతో పెద్ద భవనం కట్టుకున్నారు. ఒక చోట బాయిలర్ పెట్టి ఆవిరితో గదులు వెచ్చబరచాలన్నది మొదటి ప్లాను. దాని బదులు గదిగదికీ గ్యాస్ హీటర్లు, మొత్తం 72, పెట్టారు. గ్యాస్ బిల్లు నెలకు 300 డాలర్ల దాకా అవుతోందని 1937 మొదట్లో కంపెనీ కనెక్షన్ తీసేసి, చమురు తీయగా మిగిలిపోయే గ్యాస్ గొట్టానికి కలుపుకున్నారు. ఆ గ్యాస్‌ను ఎటూ తగలబెట్టేసేవారు, ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు చేసుకున్న పనే అది. కానీ దానికి వాసన ఉండదు. నేల కింద గాలాడని ఖాళీలో లీకై పేరుకుంది. 1937 మార్చి 18న మధ్యాహ్నం మూడు దాటాక వర్క్‌షాపులో చెక్క నునుపు చేసే ఒక విద్యుత్ సాండర్ స్విచ్ వేశారు. నిప్పురవ్వ. భవనం లేచి కూలింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. తర్వాత కొన్ని వారాల్లోనే టెక్సస్ గ్యాస్‌కు వాసన కలపాలని చట్టం చేసింది, ఇంజనీర్ల రిజిస్ట్రేషన్ చట్టం కూడా అప్పుడే వచ్చింది. మీ వంటింట్లో గ్యాస్ లీకైతే ముక్కుకు తగిలే ఆ కుళ్లు వాసన వెనక ఉన్నది ఒక టెక్సస్ బడి. డబ్బున్న డిస్ట్రిక్టులో నెలకు 300 ఆదా చేయబోయి జరిగింది ఇది.

గీతల్లో అన్నిటికంటే లోతైనది రంగు గీత. నల్ల పిల్లల బడులకు ఇచ్చే డబ్బు తక్కువ, కట్టడాలు ఇంకా తక్కువ. 1920 నుంచి 1932 మధ్య రోజెన్‌వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ సాయంతో టెక్సస్‌లో 500కు పైగా బడి కట్టడాలు లేచాయి. ఆ ఫండ్ పద్ధతి చెప్పుకోదగ్గది. ముందు ఊరి నల్లజాతి కుటుంబాలు చందాలు పోగుచేయాలి, డబ్బు లేకపోతే కలప, శ్రమ ఇవ్వాలి. భూమి స్కూలు బోర్డు పేర రాయాలి. డిస్ట్రిక్టు తన వంతు పెట్టాలి. అప్పుడే ఫండ్ వాటా వస్తుంది. ప్లాన్లు కూడా ఫండే ఇచ్చేది: కరెంటు లేని పల్లెల్లో వెలుతురు కోసం తూర్పు పడమరలుగా వరుసగా పెద్ద కిటికీలు. పన్ను కట్టినవాళ్లే మళ్లీ చందా కూడా కట్టి తమ బడి కట్టుకున్నారన్నమాట. మెక్సికన్ పిల్లలకు చట్టంలో గీత లేదు. భాష రాదన్న సాకుతో వేరే బడి పెట్టేవారు. 1948లో బాస్ట్రాప్ డిస్ట్రిక్టు మీద డెల్గాడో కేసులో ఫెడరల్ జడ్జి అది చెల్లదన్నారు, ఒకటో తరగతిలో భాష పరీక్షించి విడిగా కూర్చోబెట్టడానికి మాత్రం వీలు ఉంచారు. ఆ చిన్న సందులోంచి పాత పద్ధతి ఇంకొన్నాళ్లు నడిచింది.

ఈ గీతను కాలేజీ వైపు నుంచి పగలగొట్టింది హీమన్ స్వెట్, హ్యూస్టన్‌లో పోస్ట్‌మన్. 1946 ఫిబ్రవరిలో యూటీ లా స్కూలుకు దరఖాస్తు పెట్టాడు. అర్హతలన్నీ ఉన్నాయి, రంగు ఒక్కటే అడ్డం. అతన్ని చేర్చుకోకుండా ఉండటానికి రాష్ట్రం అప్పటికప్పుడు ఆస్టిన్‌లో ఒక నేలమాళిగలో వేరే లా స్కూలు తెరిచింది, హ్యూస్టన్‌లో కొత్త యూనివర్సిటీయే పెట్టింది. ఇప్పటి టెక్సస్ సదరన్ అది. సుప్రీంకోర్టు 1950 జూన్ 5 నాటి తీర్పులో రెండు బడులను పక్కపక్కన పెట్టి లెక్క చూసింది. యూటీ లా స్కూల్లో 16 మంది పూర్తికాలం ఆచార్యులు, 850 మంది విద్యార్థులు, లైబ్రరీలో 65,000 పుస్తకాలు. కొత్త బడిలో ఐదుగురు ఆచార్యులు, 23 మంది విద్యార్థులు, 16,500 పుస్తకాలు. లెక్కకు అందనివి ఇంకా ఉన్నాయంది కోర్టు: పేరు, పలుకుబడి, పాత విద్యార్థుల బలం. స్వెట్ తరఫున వాదించింది థర్‌గుడ్ మార్షల్. నాలుగేళ్లకు, బడుల్లో రంగును బట్టి వేరు చేయడం చెల్లదన్న బ్రౌన్ తీర్పు వచ్చింది. అయినా 1956లో ఇక్కడికి దగ్గర్లోనే, మాన్స్‌ఫీల్డ్‌లో, నల్ల పిల్లలను హైస్కూల్లో చేర్చమని ఫెడరల్ కోర్టు చెబితే గుంపులు అడ్డుకున్నాయి. గవర్నర్ అలన్ షివర్స్ టెక్సస్ రేంజర్లను పంపింది కోర్టు ఆదేశం అమలు చేయడానికి కాదు, నల్ల పిల్లలు బడిలో చేరకుండా చూడటానికి.

ఇప్పుడు మనం చూసే పరిపాలన చట్రం 1949 నాటి గిల్మర్-ఐకిన్ చట్టాలది. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, ఎన్నికయ్యే స్టేట్ బోర్డు, తొమ్మిది నెలల బడి, టీచర్లకు కనీస జీతం, ప్రతి పిల్లకూ కనీస ఖర్చు అన్న సూత్రం, అన్నీ అప్పుడే. బడి నడవకుండా పేరుకు మాత్రం మిగిలిన వందలాది డిస్ట్రిక్టులను పక్కవాటిలో కలిపేశారు. రాష్ట్రం కనీసం ఇస్తుంది, ఆపైన ఎంతైనా స్థానికులు తమ ఆస్తి పన్నుతో పెట్టుకోవచ్చు. ఆ ‘ఆపైన’ అన్నదే కొంపముంచింది.

శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్టు. ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు. 1968 మే 16న హైస్కూలు పిల్లలు వందలమంది తరగతులు వదిలి బయటికి నడిచారు. విరిగిన కిటికీలు, అర్హత లేని టీచర్లు, ఇవీ వాళ్ల ఫిర్యాదులు. డిమిట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పనివాడితో పాటు కొందరు తల్లిదండ్రులు కేసు వేశారు. అప్పటి లెక్కలు సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థి వెనక ఉన్న ఆస్తి విలువ 5,960 డాలర్లు. వంద డాలర్లకు 1.05 పన్ను వేస్తే స్థానికంగా వచ్చింది తలకు 26 డాలర్లు. అదే ఊళ్లో ఆలమో హైట్స్‌లో ఒక్కో విద్యార్థి వెనక 49,000కు పైగా ఆస్తి. 85 సెంట్ల పన్నుకే 333 డాలర్లు. రాష్ట్రం, కేంద్రం ఇచ్చినవన్నీ కలిపాక కూడా ఒకచోట 356, ఒకచోట 594. ఎక్కువ రేటు కట్టినవాళ్లకు తక్కువ బడి. 1973 మార్చిలో సుప్రీంకోర్టు 5-4తో వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఫెడరల్ రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కు కాదంది. ఒప్పుకోని నలుగురిలో ఒకరు థర్‌గుడ్ మార్షల్, అప్పటికి ఆయన ఆ కోర్టులోనే న్యాయమూర్తి.

వాషింగ్టన్ తలుపు మూసుకుంటే ఆస్టిన్ తలుపు తట్టారు. 1984లో ఎడ్జ్‌వుడ్ వాళ్లే రాష్ట్ర కోర్టులో మళ్లీ కేసు వేశారు, ఈసారి 1876 రాజ్యాంగంలోని ‘సమర్థమైన వ్యవస్థ’ అన్న మాట ఆధారంగా. ఒక పక్క విద్యార్థికి 1.4 కోట్ల డాలర్ల ఆస్తి ఉన్న డిస్ట్రిక్టు, ఇంకో పక్క 20,000 ఉన్న డిస్ట్రిక్టు, 700 రెట్ల తేడా. 1989 అక్టోబర్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిది మందీ ఏకమై ఇది సమర్థం కాదన్నారు. శాసనసభ చేసిన మొదటి మార్పు చాలదని కోర్టు కొట్టేసింది. రెండోది రాష్ట్రం వేస్తున్న ఆస్తి పన్నే, రాజ్యాంగం ఒప్పుకోదు అని కొట్టేసింది. రాజ్యాంగం సవరిద్దామని 1993 మే 1న ఓటుకు పెడితే జనం కొట్టేశారు. ఆ నెలలోనే హడావిడిగా వచ్చింది సెనేట్ బిల్ 7, జనం నోట రాబిన్ హుడ్. ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుకు ఐదు దారులు ఇచ్చింది: ఇంకో డిస్ట్రిక్టుతో కలిసిపో, కొంత భూభాగం వదులుకో, పన్ను పునాది పంచుకో, బయటి పిల్లల చదువుకు డబ్బు కట్టు, లేదా మిగులు రాష్ట్రానికి కట్టు. మొదటి మూడు ఎవరు ఒప్పుకుంటారు? గీత చెరపడం కన్నా చెక్కు రాయడం సుఖం. చాలామంది చెక్కు రాస్తున్నారు. 1995లో కోర్టు దీన్ని ఒప్పుకుంది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం, ఎందుకంటే దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ముందు పిల్లల లెక్క. పేర్లు నమోదైనవాళ్లను కాదు, రోజూ హాజరైన సగటును తీసుకుంటారు. దానికి బరువులు కలుపుతారు: ద్విభాషా తరగతిలో ఉన్న పిల్లకు పదో వంతు అదనం, పేద కుటుంబం పిల్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లకు వేరేగా. అలా ఒక డిస్ట్రిక్టుకు 1,000 వచ్చిందనుకోండి. దాన్ని బేసిక్ అలాట్‌మెంట్‌తో, అంటే ఒక్కో పిల్లకు రాష్ట్రం కట్టిన మూల మొత్తంతో, గుణించాలి. అది 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి 2025లో 55 డాలర్లు పెరిగింది. కాబట్టి 6,215 చొప్పున, 62 లక్షల 15 వేలు ఆ డిస్ట్రిక్టుకు రావాల్సింది. ఇప్పుడు ఆస్తి. గీత లోపల 20 కోట్ల డాలర్ల ఆస్తి ఉంటే, వందకు 65 సెంట్ల చొప్పున 13 లక్షలు వస్తాయి. మిగతా 49 లక్షల 15 వేలు రాష్ట్రం ఇస్తుంది. అదే 100 కోట్ల ఆస్తి ఉంటే 65 లక్షలు వస్తాయి. రావాల్సినదానికన్నా ఎక్కువ. ఆ పైనున్న 2 లక్షల 85 వేలు రాష్ట్రానికి కట్టేయాలి.

దీనిలోంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, మీ ఇంటి విలువ పెరిగితే మీ బడికి డబ్బు పెరగదు. పైన చెప్పిన 62 లక్షలు కదలవు. మీరు ఎక్కువ కడితే రాష్ట్రం తక్కువ ఇస్తుంది, అంతే. ఇళ్ల ధరలు ఆకాశాన్నంటిన ఆస్టిన్ ఏళ్ల తరబడి రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ కట్టిన డిస్ట్రిక్టు, దానిలో పేద పిల్లలు బోలెడంతమంది ఉన్నా. రెండోది, డబ్బు వచ్చేది తలకాయలను బట్టి. పిల్లలు తగ్గితే రాబడి తగ్గుతుంది, కానీ బస్సు, ఏసీ, ప్రిన్సిపాల్ ఖర్చు తగ్గదు. ఊరు ముదిరి, ఇళ్లు ఖరీదై, చిన్నపిల్లల కుటుంబాలు ఇంకా ఉత్తరానికి తరలిపోయాక ప్లేనో ఐఎస్‌డి 2024లో నాలుగు బడులు మూసేయాలని తీర్మానించింది కూడా అందుకే.

ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది: టీచర్లకు డబ్బు లేదంటారు, స్టేడియం ఎలా కడతారు? పన్ను బిల్లులో బడి వాటా నిజానికి రెండు రేట్ల మొత్తం. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, రోజువారీ ఖర్చు. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల అప్పు తీర్చడం. రెండో దాని డబ్బు జీతానికి వాడకూడదు, కానీ దానిమీద రాబిన్ హుడ్ కోత పడదు. పైగా పర్మనెంట్ స్కూల్ ఫండ్ హామీ ఉండటంతో బాండ్లకు తక్కువ వడ్డీకే అప్పు పుడుతుంది. కాబట్టి బోర్డుకు కట్టడం తేలిక, జీతం పెంచడం కష్టం. దీన్ని దుబారా అని తిట్టేవాళ్లు సగమే చూస్తున్నారు. చట్టమే ఆ వైపు తోస్తోంది.

పరీక్షల గురించి క్లుప్తంగా. స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు 2012లో మొదలయ్యాయి. హైస్కూల్లో 15 పరీక్షలు పెట్టబోతే తల్లిదండ్రులు గోలచేసి 2013లో ఐదుకు తగ్గించారు: ఇంగ్లీషు రెండు, ఆల్జీబ్రా, బయాలజీ, అమెరికా చరిత్ర. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలు ఉంటాయి.

పరీక్షలకన్నా మన ఇళ్లలో నిద్ర చెడగొట్టేది హైస్కూలు తరగతిలో ర్యాంకు. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు అడ్మిషన్లలో జాతిని చూడకూడదంది. దానికి జవాబుగా 1997లో శాసనసభ, ఏ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు అన్న చట్టం చేసింది. ఇక్కడ గీతలు తిరగబడ్డాయి. అప్పటిదాకా మంచి డిస్ట్రిక్టులో ఉండటం లాభం. ఈ చట్టం కింద మెక్సికో సరిహద్దున రియో గ్రాండే లోయలో చిన్న హైస్కూల్లో మొదటి వరుసలో ఉన్న పిల్లకు సీటు ఖాయం, ఫ్రిస్కోలో అంతకన్నా ఎక్కువ ఎపి (కాలేజీ స్థాయి) కోర్సులు చదివిన పిల్ల పన్నెండో శాతంలో ఉంటే ఖాయం కాదు. యూటీ ఆస్టిన్‌కు 2009లో ఒక సడలింపు ఇచ్చారు, టెక్సస్ పిల్లల సీట్లలో 75 శాతం వరకే ఇలా నింపితే చాలు. దాంతో అక్కడ గీత పది నుంచి ఏడుకు, ఆరుకు దిగి, 2026 ప్రవేశాలకు ఐదు శాతం అయింది. ఇంకో సంగతి, సీటు ఖాయం అంటే యూనివర్సిటీలో సీటు, కోరుకున్న మేజరులో కాదు. కంప్యూటర్ సైన్స్ తలుపు దగ్గర మళ్లీ వేరే వడపోత ఉంటుంది. దీన్ని అన్యాయం అనే మనవాళ్లు ఎడ్జ్‌వుడ్ లెక్క ఒకసారి చూడాలని నా మనవి.

ఇక కొన్ని పనికొచ్చే సంగతులు. సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. సెప్టెంబర్ 2న పుట్టినవాళ్లు ఏడాది ఆగాల్సిందే. నిర్బంధ హాజరు ఆరేళ్ల నుంచి పంతొమ్మిది దాకా. తరగతి జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ ఆగుతుంది. అప్పుడు హాజరు కమిటీ ముందుకు వెళ్లి వివరణ ఇచ్చుకోవాలి. డిసెంబర్ సెలవులకు అటు ఒక వారం, ఇటు రెండు వారాలు కలిపి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లు లెక్క వేసుకోండి. ఆరు నెలల్లో పది అనుమతిలేని గైర్హాజర్లయితే విషయం బడి ఎగ్గొట్టే కేసులు చూసే ట్రూయన్సీ కోర్టు దాకా వెళ్లొచ్చు. మీ పిల్ల రాని ప్రతి రోజూ డిస్ట్రిక్టు సగటు హాజరు కూడా తగ్గుతుంది, అందుకే ఆఫీసు నుంచి అన్ని ఫోన్లు. పిల్లను చేర్చేటప్పుడు వీసా అడగరు, అడగకూడదు. 1975లో టెక్సస్ పత్రాలు లేని పిల్లల చదువుకు డబ్బు ఆపేసింది, టైలర్ డిస్ట్రిక్టు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది, 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో దాన్ని కొట్టేసింది. అడిగేవి చిరునామా రుజువు, పుట్టిన తేదీ, టీకాల కాగితం.

చివరిగా, ఇప్పుడు నడుస్తున్నది. 2023 నవంబర్‌లో ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వ డబ్బు ఇచ్చే ప్రతిపాదన ప్రతినిధుల సభలో ఓడింది. డెమోక్రాట్లతో కలిసి ఓడించింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన రిపబ్లికన్లు, వాళ్ల ఊళ్లలో చాలాచోట్ల ప్రైవేటు బడే లేదు, ఉన్న బడే ఊరికి పెద్ద ఉపాధి. తర్వాతి ఎన్నికల్లో వాళ్లలో పలువురు సీట్లు పోగొట్టుకున్నారు. 2025 మేలో సెనేట్ బిల్ 2 చట్టమైంది. మొదటి విడతకు 100 కోట్ల డాలర్లు, 2026-27 నుంచి అమలు. ప్రైవేటు బడికి పిల్లకు సుమారు 10,000, ఇంట్లో చదివించేవాళ్లకు 2,000, వైకల్యం ఉన్న పిల్లకు 30,000 దాకా. ఈ డబ్బుకు డిస్ట్రిక్టు గీతతో సంబంధం లేదు, అది పిల్లతో పాటు నడుస్తుంది. హాజరును బట్టి డబ్బు వచ్చే డిస్ట్రిక్టులో ముప్ఫై మంది పిల్లలు ఒకే తరగతి నుంచి కాక పదమూడు తరగతుల నుంచి తలా ఇద్దరు ముగ్గురు వెళ్లిపోతే, ఏ ఒక్క టీచరునూ తగ్గించలేరు, రాబడి మాత్రం తగ్గుతుంది. నాలుగైదేళ్లలో మీ డిస్ట్రిక్టు బడ్జెట్‌లో చూడాల్సిన సంఖ్య అది.

ఆ బడ్జెట్ మీద బహిరంగ విచారణ డిస్ట్రిక్టును బట్టి జూన్‌లోనో ఆగస్టులోనో ఉంటుంది. ఓటుకు పౌరసత్వం కావాలి, మాట్లాడటానికి అక్కర్లేదు. అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా బోర్డు నిర్ణయం తీసుకునేలోపే మీకు మాట్లాడే అవకాశం ఇవ్వాలని 2019 చట్టం చెబుతోంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు వస్తే అనువాదకుడి కోసం సమయం రెట్టింపు ఇవ్వాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.